రేకుల హాల్లో ఒక ఆదివారం

కరపత్రం అడుగున, చిన్న అక్షరాల్లో, మా షాపు పేరూ నా ఫోన్ నంబరూ ఉన్నాయి. అచ్చు వేసినవాళ్ల పేరు వెయ్యాలన్నది రూలు. ట్యూషన్ సెంటర్ పాంప్లెట్ అయినా, పార్టీల కరపత్రం అయినా చివర ఆ లైను పెట్టడం నా చేతికి అలవాటైపోయిన పని. పెట్టేటప్పుడు ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ వారం మాత్రం ఆ ఒక్క లైను వల్ల నాకు అన్నం సహించలేదు.

వరంగల్లో మండీకి పోయే రోడ్డు మీంచి లోపలికి వచ్చే ఒక గల్లీలో నాకు చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. రంజాన్ నెలకు సహరీ, ఇఫ్తార్ వేళల కార్డులు నేనే కొడతాను. గణపతి మండపాల చందా రసీదులు నేనే కొడతాను. చర్చివాళ్ల ఉపవాస ప్రార్థనల పోస్టర్లూ నా దగ్గరికే వస్తాయి. అందరి దేవుళ్లకూ నా కంప్యూటర్లో తలా ఒక ఫోల్డర్ ఉంది. మా ఇంట్లో ఉర్దూ తక్కువ, తెలుగే ఎక్కువ. మా నాన్న కేసముద్రం అవతలి పల్లెలో పుట్టి పెరిగాడు. ఆర్టీసీలో డ్రైవరుగా చేరాక వరంగల్ వచ్చాడు. ఆయన్ని మేం బాపు అనే పిలుస్తాం, అది ఆ ఊరి అలవాటు. రిటైరయ్యాక మా గల్లీ మసీదు కమిటీకి ఆయన్ని సెక్రటరీని చేశారు. నా భర్త సరుకుల వ్యాను నడుపుతాడు, పత్తి సీజన్లో ఇంటి పట్టున ఉండడు. మా అమ్మాయి హనుమకొండలో ఇంటర్ చదువుతోంది, సిటీ బస్సులో పోయి వస్తుంది. నా భయాలన్నీ ఈ ముగ్గురి చుట్టూ తిరిగేవే.

ఆ కరపత్రం కొట్టించింది సారు. జిల్లా పరిషత్ బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. గుండెకు స్టెంట్ వేశారు, అయినా సంచీ భుజాన వేసుకుని ఊళ్లు తిరుగుతాడు. నాలుక మీద కర్పూరం వెలిగించి చూపిస్తాడు. కొబ్బరికాయలోంచి ఎర్రనీళ్లు తీస్తాడు, ఎలా తీశాడో మళ్లీ తనే విప్పి చెప్తాడు. దయ్యాల్లేవు, చేతబడి లేదు అని చెప్పడమే ఆయన పని. దేవుడి మాటెత్తితే "నాకైతే కనబడలే. మీకు కనబడితే మంచిదే" అంటాడు.

తొర్రూరు వైపు ఒక పల్లెలో ఒక పెద్దావిడను మంత్రాలు చేస్తోందని కరెంటు స్తంభానికి కట్టి కొట్టారు. పక్కింటి పసివాడికి జ్వరం తగ్గకపోవడం ఆమె తప్పయింది. అది విన్నప్పటి నుంచి సారుకు మనసు మనసులో లేదు. వరంగల్లోనే ఒక సభ పెట్టాలని, పల్లెల నుంచి జనాన్ని పిలవాలని పట్టుబట్టాడు. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని కరపత్రం చెప్తుంటే నేను టైపు చేశాను.

"అమ్మా, తప్పుల్లేకుంట కొట్టాలె. మాట తప్పైతే తిడ్తరు, అక్షరం తప్పైతే నవ్వుతరు. తిడితే పడత గని నవ్వితే పడ" అన్నాడు.

పైన పెద్ద అక్షరాల్లో 'భయం ఎవరి వ్యాపారం?' అని. కింద ఒక వాక్యం: 'తాయత్తు కట్టినా, నూనె రాసినా, విబూది పెట్టినా జ్వరం తగ్గదు. దవాఖానకు పోతేనే తగ్గుతది.' తాయత్తు అన్న మాట దగ్గర నా వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. మా అమ్మాయికి చిన్నప్పుడు ఫిట్స్ వస్తే దర్గా నుంచి తెచ్చి కట్టిన తాయత్తు ఇప్పటికీ బీరువాలో ఉంది. సారు నా మొహం చూశాడు. "నీకు బాధయితే వేరే తాన కొట్టిస్త బిడ్డా" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపి మిగతాది టైపు చేశాను. నా మనసు చివుక్కుమందని ఆయన నోరు మూయించాలని నాకు తోచలేదు. ఆ పూట అది అంత పెద్ద సంగతి కూడా కాదు.

కరపత్రాలు బయటికి వెళ్లాక ఒక వీడియో బయలుదేరింది. సారు ఎప్పుడో ఒక ఊళ్లో చెప్పిన ఉపన్యాసం. అందులో ఆయన దర్గాల దగ్గర దయ్యాలు వదిలించేవాళ్లనీ, స్వస్థత కూటాల్లో నూనె అమ్మేవాళ్లనీ, గుళ్ల దగ్గర పూనకాలతో బెదిరించేవాళ్లనీ వరసగా తిట్టాడు. ఎవరో దాన్ని ముక్కలు చేశారు. ఒక్కో మతంవాళ్లకు వాళ్లను తిట్టిన ముక్క ఒక్కటే చేరింది. ఎవరి ఫోన్లో చూసినా ఆయన వాళ్లనొక్కరినే తిడుతున్నాడు.

మొదట మా షాపుకు వచ్చినవాళ్లు మావాళ్లే, మసీదు కుర్రాళ్లు. నన్ను ఆపా, అంటే అక్కా, అని పిలుస్తూ నా చేతులమీద పెరిగినవాళ్లు. వాళ్లలో ముందున్నవాడికి ఆధార్ కార్డు నుంచి డిగ్రీ అప్లికేషన్ దాకా నేనే నింపాను. చేతిలో కరపత్రం మడత పెట్టి ఉంది.

"ఆపా, నువ్వు మన మనిషివై గిది ఎట్ల కొట్టినవ్?" అన్నాడు.

"నాకు పని ఇచ్చిండు, కొట్టిన. మీ ఇఫ్తార్ పోస్టర్ కొట్టలేదా?"

"గది వేరే, గిది వేరే ఆపా. నీ పేరు కిందుంది. అందరు నన్నడుగుతాండ్రు."

వాడి గొంతులో కోపం కన్నా సిగ్గు ఎక్కువ ఉంది. తిట్టలేదు. వెళ్తూ వెళ్తూ షట్టర్ మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. ఆ చప్పుడుకు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

మర్నాడు వచ్చినవాళ్లు మావాళ్లు కారు. ఎవరి మనుషులో నేను రాయను. వాళ్లు అరవలేదు, నవ్వుతూ మాట్లాడారు. అందుకే ఎక్కువ భయమేసింది. ఒకాయన కరపత్రం నా ముందు పరిచి, విబూది అన్న మాట మీద వేలు పెట్టి, "పేరేందమ్మా నీది?" అని అడిగాడు. చెప్పాను. ఆయన పక్కవాడి వైపు చూసి, "మరి మా దేవుళ్ల ముచ్చట నీకెందుకమ్మా?" అన్నాడు. అంత మెల్లగా, అంత మర్యాదగా. మాటల్లో ఉండగానే ఇంకొకడు ఫోన్ పైకెత్తి షాపు బోర్డునూ, నన్నూ, లోపల గోడకున్న కరెంటు మీటరునూ నింపాదిగా వీడియో తీశాడు. మీటరు ఎందుకు తీశాడో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్లు వెళ్లాక షట్టర్ సగం దించి లోపల కూర్చున్నాను. జిరాక్స్ కోసం వచ్చిన కాలేజీ పిల్లలు కిందికి వంగి "అక్కా, ఉన్నవా?" అని పిలుస్తుంటే లైటు ఆర్పేశాను.

సాయంత్రం మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి ఫోన్ నా చేతిలో పెట్టింది. వాళ్ల క్లాసు గ్రూపులో మా షాపు బోర్డు ఫోటో. కింద 'ఇదెవరిదో తెలుసా' అని ఒక వాక్యం, దాని కింద నవ్వే బొమ్మలు. "రేపటి నుంచి బస్సుల పోకు, నేనే ఆటోల తీసుకపోత" అన్నాను. "ఎన్ని రోజులు తీసుకపోతవ్ అమ్మీ?" అంది.

అప్పటికే మసీదు కమిటీ కూర్చుంది. సారు మీద పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలని, మనోభావాలు దెబ్బతిన్నాయని రాయాలని తీర్మానం. కాగితం మీద సెక్రటరీ సంతకం కావాలి. బాపు చెయ్యనన్నాడు. కమిటీలో మాటలన్నీ ఉర్దూలో నడిచాయట. ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, నాకూ నా భర్తకూ తెలుగులో చెప్పాడు.

"ఆయన మాట నాకు నచ్చలే. తప్పు మాట్లాడిండు, అదే అన్న. గని తప్పు మాట్లాడినోణ్ని జైల్ల ఏయాలె అంటే నేనొప్ప. రేపు మన అజాన్ తప్పు, మన నమాజు తప్పు అని ఇంకొకడు గిదే కాగితం తీసుకొని ఠాణాకు పోతడు. అప్పుడు నేనేం మొఖం పెట్టుకొని అడ్డం పోవాలె?"

"వాళ్లేమన్నరు మామా?" అని నా భర్త అడిగాడు.

"పల్లెటూరోళ్లకు దీన్ సంగతి, మతం సంగతి ఏం తెలుసు అన్నరు." బాపు మొహం ఒక్కసారి ముడుచుకుంది. "ఉద్యోగమంత బస్సు నడిపిన. టికెట్ తీసుకున్నోడు నన్ను తిట్టినా, వాని స్టేజీలనే దించిన. నడిమిట్ల దించలే. నాకు తెలిసిన దీన్ అదే."

నా భర్త లేచి బయటికి వెళ్లి చాలాసేపు వ్యాను దగ్గర నిలబడ్డాడు. లోపలికొచ్చి, "షాపు కొన్నాళ్లు బంద్ వెట్టు" అన్నాడు. ఆయన వ్యాను తిరిగేది పల్లెల మీద, మార్కెట్ యార్డుల మీద. దారిలో ఎవడైనా ఆపి పేరడిగితే చాలు. ఆయన ఆ మాట బయటికి అనకపోయినా నాకు అర్థమైంది, అయినా షట్టర్ సగం ఎత్తి కూర్చుంటూనే ఉన్నాను.

సభ కోసం మాట్లాడుకున్న ఫంక్షన్ హాలు ఓనరు ఫోన్ చేసి ఆ రోజు హాలు ఖాళీ లేదన్నాడు. ఇంకో హాలు వాళ్లు ఫోనే ఎత్తలేదు. సారు ఇక మానుకుంటాడని నేను లోపల్లోపల సంతోషించాను. సరిగ్గా అప్పుడే పాస్టర్‌గారు షాపుకు వచ్చారు.

మా వెనక గల్లీ చివర ఆయన ప్రార్థన హాలుంది. ఇటుక గోడలు, పైన రేకులు. చుట్టుపక్కల కూలికి పోయే ఇళ్లవాళ్లు ఆదివారం అక్కడ చేరతారు. అంతకు ముందు ఒకసారి కొందరు వచ్చి, ఇళ్ల మధ్య ప్రార్థనకు పర్మిషన్ ఏదని, పాటలు ఆపమని గొడవ చేశారు. ఆడవాళ్లు బైబిళ్లు కొంగు చాటున దాచుకుని వెనక సందులోంచి వెళ్లిపోవలసి వచ్చింది. ఆ తరవాత వచ్చిన ఆదివారాలు సారు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని హాలు గుమ్మంలో కూర్చుని పేపరు చదువుకునేవాడు. లోపల పాటలు, బయట ఆయన. ఎవరైనా వస్తే "కూసో, చాయ్ తాగుదం. వాళ్ల ప్రార్థన అయిపోనీ" అనేవాడు. గొడవ సద్దుమణిగే దాకా ఆ కుర్చీ తియ్యలేదు.

"మా హాల్ల పెట్టుకొమ్మని సారుకు చెప్పిన," అన్నారు పాస్టర్‌గారు. ఆయన చెవుల పక్కన చెమట కారుతోంది. "ఆయన మా ప్రార్థనను ఒక్కనాడు నమ్మలే. నూనె రాస్తే ఏమైతది అని నా మొఖం మీదనే అడిగిండు. అయినా గుమ్మంల కూసున్నడు. ఇయ్యాల తలుపేసుకుంటే నేను పుల్‌పిట్ మీద నిలవడి సంఘానికి ఏం చెప్పాలమ్మా?"

"సంఘంవాళ్లు ఒప్పుకున్నరా అయ్యగారూ?"

"సగం మంది ఒద్దంటాండ్రు. మా ఇంటామె గూడ ఒద్దంటాంది." ఆయన నవ్వబోయి నవ్వలేకపోయారు. "నాకూ భయమైతాంది. అందుకే నీ దగ్గర జరసేపు కూసుందామని వచ్చిన."

చాయ్ తెప్పించాను. ఇద్దరం తాగాం. మా రోడ్డు మలుపులో ఉన్న చిన్న గుడి పూజారిగారు కూడా వస్తానన్నారని వెళ్లేముందు చెప్పారు. ఆ మాటతో కాస్త ధైర్యం వచ్చింది. ఆయనా వస్తే ఎవరూ రాయి విసరరు అనుకున్నాను.

శనివారం బాపు తెల్లచొక్కా ఇస్త్రీ చేయమని నాకిచ్చాడు. ఎక్కడికని అడగక్కర్లేదు.

"నువ్వు పోకు బాపూ. సంతకం పెట్టలే, అది చాలు. పోయి కూసునుడెందుకు?"

"ఇంట్ల కూసొని మంచోణ్ననిపించుకునుడు తేలిగ్గనే ఉంటది బిడ్డా."

"నీకేమన్న అయితే?"

బాపు దగ్గరికి వచ్చాడు. "నాకు భయం లేదనుకుంటానవా? గుండె దడదడ కొట్టుకుంటాంది. చెయ్యి వెట్టి చూడు" అని నా చెయ్యి తీసుకుని తన ఛాతీ మీద పెట్టుకున్నాడు. నిజంగానే కొట్టుకుంటోంది. చొక్కా ఇస్త్రీ చేశాను. ఆయన్ని ఒక్కణ్నే పంపితే నా ప్రాణం నిలవదని తెలుసు కాబట్టి, నా భర్త వ్యాను మీద పోయి ఉండటంతో అమ్మాయిని పక్కింటి అక్క దగ్గర వదిలి మర్నాడు నేనూ బయలుదేరాను.

ఆదివారం ప్రార్థన అయిపోయాక, పొద్దు ఇంకా నడినెత్తిన ఉండగానే మొదలుపెట్టారు. జనం హాలులో సగం కూడా లేరు. సంఘంలో వద్దన్నవాళ్లు ముందే వెళ్లిపోయారు. పాస్టర్‌గారి భార్య మాత్రం వెళ్లలేదు, తలుపు పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పూజారిగారు రాలేదు. గుడికి తాళం వేసి చుట్టాల ఊరికి వెళ్లారని తరవాత తెలిసింది. చాలా రోజులకు నాకు ఎదురైనప్పుడు, నేను అడక్కముందే, "పిల్లలున్నరు తల్లీ, ధైర్యం చాలలే" అన్నారు. నాకు ఆయన మీద కోపం రాలేదు.

తొర్రూరు వైపు పల్లె నుంచి ఆ పెద్దావిడ వచ్చింది. మంత్రాలు చేసిందని స్తంభానికి కట్టేసింది ఈమెనే. కొడుకు వెంట బస్సు దిగి నడిచి వచ్చింది. నుదుట పెద్ద బొట్టు, మణికట్ల మీద తాడు కోసుకున్న గుర్తులు. నా పక్కన చాప మీద కూర్చుని, "బిడ్డా, గిక్కడ కూడ కొడ్తరా?" అని చెవిలో అడిగింది. కొట్టరు పెద్దమ్మా అన్నాను. నా చెయ్యి పట్టుకుంది.

సారు లేచేలోగా ఎస్సై గుమ్మంలోకి వచ్చాడు. చిన్న వయసు మనిషి. విసుగు కన్నా అలసట ఎక్కువ ఉంది మొహంలో. "పర్మిషన్ లేకుంట మీటింగ్ ఏంది సార్? బయట జమ అయితాండ్రు. నాకు పరేషాన్ చెయ్యకుండ్రి, బంద్ చేసుకోండ్రి" అన్నాడు.

పాస్టర్‌గారు ముందుకు వచ్చారు. "ఇది ఆదివారం మా హాలు సార్. ఈళ్లు మా చుట్టాలు. మా ఇంట్ల మేం మాట్లాడుకుంటానం. ఒద్దంటే రాసియ్యుండ్రి, మాట్లాడొద్దని."

ఎస్సై ఆయన్నీ, చాప మీద కూర్చున్న మమ్మల్నీ చూశాడు. తెల్ల టోపీతో ముందు వరసలో కూర్చున్న, మసీదు సెక్రటరీగా తనకు తెలిసిన బాపు దగ్గర ఆయన చూపు ఆగింది. "మీరు కంప్లయింట్ ఇయ్యనీకి రాలేదా పెద్దాయనా?" అన్నాడు.

"లేదు సాబ్. ఇనడానికొచ్చిన."

ఎస్సై కానిస్టేబుళ్లను గల్లీలో నిలబెట్టి, "జల్ది ముగించుండ్రి" అని బయటికి వెళ్లాడు.

సారు మాట్లాడటం మొదలుపెట్టాడు కానీ అది రోజూ వినే సారు గొంతు కాదు. కర్పూరం వెలిగించి చూపిద్దామని అగ్గిపుల్ల గీశాడు, అంటించేలోపే ఆరిపోయింది. మళ్లీ గీశాడు, మళ్లీ ఆరిపోయింది. పెట్టె జేబులో పెట్టుకుని, "ఇయ్యాల ఇది ఒద్దు తీయ్" అన్నాడు. గల్లీ మొదట్లో నినాదాలు వినిపించాయి. ఒక వైపు నుంచి ఒక రకం, కాసేపటికి ఇంకో వైపు నుంచి ఇంకో రకం. అంతలో మొదటి రాయి రేకుల మీద పడింది.

రేకుల కింద కూర్చున్నవాళ్లకు ఆ చప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేను. రాయి చిన్నదో పెద్దదో తెలియదు. నెత్తి మీద ఆకాశం పగిలినట్టు ఉంటుంది. అది దొర్లుకుంటూ కిందికి జారే దాకా ఊపిరి ఆగిపోతుంది. పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు. పెద్దావిడ కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంటోంది. నేనూ పెదవులు కదపకుండా ఖురాన్‌లో నాకొచ్చిన సూరా చదువుకుంటున్నాను. పాస్టర్‌గారి భార్య "ప్రభువా" అంటోంది. ఏ దేవుణ్నీ పిలవని మనిషి ఒక్కడే మా ముందు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

అప్పుడు బాపు లేచాడు. బయటికి పరిగెత్తమంటాడేమో అనుకున్నాను.

"సార్, తాయత్తు మీద మీరన్న మాట తప్పు," అన్నాడు గట్టిగా, రేకుల మీది చప్పుడును మించి. "నా మనుమరాలికి ఫిట్స్ వచ్చినయ్. దవాఖానకు తీసుకపోయినం, తాయత్తు గూడ కట్టినం. తాయత్తు రోగానికి గాదు సార్. వార్డు బయట కూసున్న మాకు, ధైర్యానికి. గది మీరెట్ల తిడ్తరు?"

సారు తెల్లబోయి చూశాడు. తరవాత ఆయన వెన్ను నిటారుగా అయింది. చర్చ దొరికితే ఆయన ప్రాణం లేచి వస్తుంది. "ధైర్యానికైతే నాకు పేచీ లేదు భాయ్‌సాబ్. దవాఖాన ఒద్దు, గిదే కట్టుకో అని అమ్మేటోడున్నడు సూడు, వానితోని నా పేచీ."

"మరి గట్ల విడమర్చి చెప్పాలె గద! అందర్ని ఒక్క గాట కట్టి తిట్టబట్టిరి."

"నేను విడమర్చే చెప్పిన. వీడియోల కోసిండ్రు."

"కోసినా, మీ నోరు గూడ జర ఎక్కువనే సార్," అని పాస్టర్‌గారు కల్పించుకున్నారు. "నూనె సంగతి గూడ నాతోని తేల్చాలె మీరు."

ఎవరో నవ్వారు. రేకుల మీద ఇంకో రాయి పడింది. అయినా ముగ్గురూ ఆగలేదు. చేతులు ఊపుకుంటూ, ఒకరి మాట మీద ఒకరు పడుతూ వాదించుకున్నారు. భయం పోలేదు. కానీ ఆ వాదన నడుస్తున్నంతసేపూ మేం దాక్కున్నవాళ్లలా కాక, కూడినవాళ్లలా ఉన్నాం.

వాళ్లు కాస్త ఆగినప్పుడు పెద్దావిడ నా చెయ్యి వదిలి లేచి నిలబడింది. కొడుకు "కూసో అవ్వా" అని కొంగు పట్టి లాగాడు. ఆమె వినలేదు.

"నేను మల్లన్నను మొక్కుత," అంది. "సారు మొక్కడట. గది ఆయన ఇష్టం. నన్ను కట్టేసిన నాడు, నేనేం చెయ్యలేదు అంటే నా మాట ఎవ్వరు ఇనలే. నోట్ల బట్ట కుక్కిండ్రు, మంత్రం చదువుతదని. ఊరంత జూసింది. నేను ఎత్తుకొని ఆడిచ్చిన పోరగాండ్లు గూడ జూసిండ్రు. ఇయ్యాల మీరు ఇంటాండ్రు. అంతే నేను చెప్పేది. నేను మంత్రగత్తెను గాదు."

ఆమె కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ తరవాత ఆయన రెండు మాటల్లో సభ ముగించాడు.

బయటికి వచ్చేటప్పుడు కానిస్టేబుళ్లు మా రెండు పక్కలా నడిచారు. గల్లీ మొదట్లో జనం. మొదటిరోజు షాపుకు వచ్చిన మసీదు కుర్రాడు ఆ గుంపులో ఉన్నాడు. బాపును చూసి, మొహం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడే ఒక రాయి దూసుకొచ్చింది, విసిరింది వాడు కాదు. ఎవరు విసిరారో తెలియదు, ఏ వైపు నుంచి వచ్చిందో కూడా. బాపు చెవి పైన తగిలింది. ఆయన పడిపోలేదు, టోపీ పడింది. నేను కేకవేశానట, నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా తెల్లచొక్కా కాలరు మీద ఎర్రగా దిగుతున్న గీత. సారు తన భుజం మీది తువ్వాలు తీసి ఆయన తలకు చుట్టాడు. పాస్టర్‌గారు ఆటో ఆపారు. ఆటోలో ఆ ఇద్దరి మధ్యా కూర్చుని హనుమకొండ దవాఖానకు పోతున్నంతసేపూ బాపు, "మీరు నూనె ముచ్చట సరిగ్గ తేల్చలే" అని గొణుగుతూనే ఉన్నాడు. డాక్టర్ కుట్లు వేసి, తలకు స్కానింగ్ తీయించి, లోపలేమీ కాలేదన్నాక నేను వరండాలో గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాను.

తరవాత సంగతులు గొప్పగా ఏమీ జరగలేదు. సారు మీద వేరేవాళ్లు ఫిర్యాదు ఇచ్చారు. ఆయన్ని స్టేషన్‌కు పిలిచి కూర్చోబెడుతూ, పంపుతూ ఉన్నారు. ఆ కేసు ఇంకా తెగలేదు. కమిటీవాళ్లు బాపును సెక్రటరీగా తీసేశారు. కొన్నాళ్లు ఆయన సలాం చెప్తే జవాబు కూడా సరిగ్గా రాలేదు. ఆయన మాత్రం అదే మసీదుకు పోతాడు, అదే ముందు వరసలో నిలబడతాడు. మా షాపు బోర్డు మీద ఒక పొద్దున నల్లరంగు పూసి ఉంది. బోర్డు కొత్తది పెట్టించాం. కొందరు పాత గిరాకీలు రావడం మానేశారు, వాళ్లలో మావాళ్లూ ఉన్నారు. పాస్టర్‌గారి హాలుకు రేకులు మార్చారు. సంఘం నుంచి కొన్ని కుటుంబాలు వేరే చర్చికి పోయాయి. మా అమ్మాయి మళ్లీ బస్సులోనే కాలేజీకి పోతోంది. అది ఇంటికి చేరే దాకా నేను మాటిమాటికీ గల్లీలోకి చూస్తూనే ఉంటాను. షాపు ముందు ఎవరైనా ఫోన్ పైకెత్తితే, సెల్ఫీ కోసమే అయినా, ఇప్పటికీ నా వీపు చల్లబడుతుంది.

పెద్దావిడ కొడుకు ఫోన్ నుంచి అప్పుడప్పుడు నాతో మాట్లాడుతుంది. ఊళ్లో కొందరు ఆడవాళ్లు ఆమెతో కలిసి మళ్లీ పత్తి ఏరడానికి పోతున్నారట. ఇంకా కొందరు ఆమె నీడ పడకుండా తప్పుకుంటున్నారట. మొన్న మాట్లాడినప్పుడు, "బిడ్డా, భయం పోయిందా?" అని అడిగింది.

"పోలే పెద్దమ్మా."

"నాకూ పోలే," అని, ఈసారి ఏరిన పత్తి ఎంత తెల్లగా ఉందో చెప్పడం మొదలుపెట్టింది.